మందుబిళ్లకు గడువెందుకు?

గుంటూరు మిర్చి యార్డు చుట్టూ అన్ని కోల్డు స్టోరేజీలు ఎందుకున్నాయి? ఎండకూ తేమకూ వదిలేస్తే కాయ ఎరుపు తగ్గి తెల్లబారుతుంది, ధర పడిపోతుంది. పైకి కనిపించదు కానీ, అలమరలోని మందుబిళ్లకూ ఇదే తిప్పలు.

బిళ్లలోని మందు నెమ్మదిగా విడిపోతుంటుంది. ఆస్పిరిన్‌నే చూడండి. తేమ తగిలితే విరిగిపోయి వెనిగర్ వాసన కొడుతుంది! రెంటచింతల ఎండల్లో, రేకుల ఇంట్లో ఈ పని ఇంకా వేగం. చాలా అట్టలపై ‘30 డిగ్రీల లోపు’ అని రాసేది అందుకే.

మరి గడువు దాటిన మర్నాడే మందు విషమైపోతుందా? లేదు. ఆ తేదీ కంపెనీ ఇచ్చే పూచీకి ఆఖరు, అంతే. అమెరికాలో సైన్యం నిల్వ ఉంచిన మందులను 1986 నుంచి పరీక్షిస్తున్నారు. చాలావాటికి గడువు దాటాకా బలం ఉంది. అయితే అవి సీలు విప్పనివి, పద్ధతిగా దాచినవి. అమ్మమ్మ పోపులడబ్బా పక్కన పెట్టిన బిళ్లలకు ఆ లెక్క సరిపోదు. ఇన్సులిన్, కంటి చుక్కలు, నీళ్లు కలిపిన యాంటీబయాటిక్ సిరప్‌లతో అసలు సాహసం వద్దు. 1963లో టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌ను పాడయ్యాక మింగిన కొందరికి మూత్రపిండాలే దెబ్బతిన్నాయని వైద్యులు రాశారు.

కాబట్టి పారేయడమే. ఎక్కడ? కాలువలో మాత్రం కాదు! యాంటీబయాటిక్ నీళ్లలో కలిస్తే అక్కడి సూక్ష్మజీవులు దానికి అలవాటుపడి మొండికేస్తాయి. పెద్దవాళ్లు బిళ్లల్ని అట్టలోంచి తీసి, వాడేసిన టీపొడిలోనో మట్టిలోనో కలిపి, కవరులో గట్టిగా మూసి చెత్తబండికి ఇస్తే, పసివాళ్లకు అవి చాక్లెట్లలా కనబడవు.