కంప్యూటరు లెక్కలో దస్తూరి ఎవరిది?



పాల లెక్కను చేతితో రాసుకునే రోజుల్లో రిజిస్టరే సాక్షి. వెన్న శాతం 6.2 అని రాసి, దాన్ని కొట్టివేసి 5.7గా దిద్దితే సిరా చెప్పేది, దస్తూరి చెప్పేది. నేడు ఎన్నో సంఘాలలో తూకం, వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. అన్నీ కంప్యూటరులోనే నమోదవుతున్నాయి. కంప్యూటరులో అంకె మారితే కొట్టివేత కనిపించదు, దస్తూరీ కనిపించదు. మరి మార్చినది ఎవరో తెలిసేదెట్లా?

ఇది చిన్న విషయం కాదు. కిలో వెన్నకు 800 రూపాయల చొప్పున అనుకుందాం. 5 కిలోల పాలలో వెన్న అర శాతం తగ్గితే 25 గ్రాములు, అనగా 20 రూపాయలు. రెండు పూటలా ఇట్లే జరిగితే పది రోజుల బిల్లులో 400 రూపాయలు పోతాయి. నష్టం సభ్యునికే కాదు. కేంద్రంలో అందరూ ఒకే పాస్‌వర్డు వాడుతుంటే, ఏ తప్పూ చేయని టెస్టరు మీద కూడా నింద పడుతుంది. తాను చేయలేదని చూపించుకునే దారి అతనికి ఉండదు.

కావున కంప్యూటరు లెక్కకు దస్తూరి వంటిది ఒకటి కావాలి. అదే లాగిన్ పట్టిక. సభ్యుల రిజిస్టరు వలెనే ఇదీ ఒక రిజిస్టరు. కంప్యూటరులో పని చేసే ప్రతి మనిషికి ఇందులో ఒక వరుస ఉంటుంది.

పట్టికలో ఉండవలసిన గడులు

1. యూజరు నంబరు: దీన్ని కంప్యూటరే ఇస్తుంది. ఒకసారి ఇచ్చిన నంబరును మార్చకూడదు, వేరొకరికి ఇవ్వకూడదు. దీనికి బదులు ఫోను నంబరు వాడడం మంచిది కాదు. మనిషి ఫోను మార్చవచ్చు. వదిలేసిన నంబరును టెలిఫోను కంపెనీ కొంతకాలానికి మరొకరికి ఇస్తుంది.

2. లాగిన్ పేరు: ఒకే పేరు ఇద్దరికి ఉండరాదు. రెండోసారి అదే పేరు రాయబోతే పట్టికే తిప్పికొట్టేటట్లు ఏర్పాటు చేయాలి.

3. పాస్‌వర్డు ముద్ర: పాస్‌వర్డును ఉన్నదున్నట్లు రాయకూడదు. దీని సంగతి దిగువ వివరిస్తాము.

4. హోదా: టెస్టరు, కార్యదర్శి, సూపర్‌వైజరు. పాలు నమోదు చేసే వ్యక్తికి ధరల చార్టు మార్చే అధికారం అక్కర లేదు.

5. స్థితి: పనిలో ఉన్నారా, ఆపివేశారా? మనిషి మానుకొని పోతే అతని వరుసను చెరిపివేయరాదు, ఆపివేయాలి. చెరిపితే అతను నమోదు చేసిన పాత లెక్కలన్నీ దిక్కులేనివి అవుతాయి.

6. చేర్చిన తేదీ, ఆపివేసిన తేదీ.

పాస్‌వర్డును ఎందుకు రాయకూడదు?

1966లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో ఒక పొరపాటు జరిగింది. అక్కడ ఎందరో కలిసి వాడే కంప్యూటరులో, ఆనాటి ప్రకటన ఉండవలసిన చోటికి పాస్‌వర్డుల జాబితా వచ్చి చేరింది. లాగిన్ అయిన ప్రతివారికీ అందరి పాస్‌వర్డులూ కనిపించాయి. దొంగ ఎవరూ లేరు. ఉన్నదున్నట్లు రాసి ఉంచడమే ముప్పు తెచ్చింది.

అందుచేత పాస్‌వర్డును ఒక వైపే నడిచే లెక్కలో వేసి, వచ్చిన ముద్రను మాత్రమే దాస్తారు. దీనికి హాష్ అని పేరు. తోడుకున్న పెరుగు మళ్ళీ పాలు కానట్లే, ముద్ర నుండి పాస్‌వర్డును వెనక్కు తీయడానికి లెక్క లేదు. లాగిన్ అయినప్పుడు ఇచ్చిన పాస్‌వర్డును మళ్ళీ అదే లెక్కలో వేసి, రెండు ముద్రలూ కలిశాయా అని చూస్తారు. ఇద్దరు ఒకే పాస్‌వర్డు పెట్టుకున్నా ముద్రలు వేరుగా ఉండేందుకు, ఒక్కొక్కరికి ఒక్కొక్క యాదృచ్ఛిక అక్షరాల వరుసను కలుపుతారు. దీన్ని సాల్ట్ అంటారు. వేలాది పాస్‌వర్డులను వరుసగా వేసి చూసే దొంగకు ఆలస్యం కావాలని ఈ లెక్కను కావాలనే నిదానంగా నడిచేటట్లు చేస్తారు. 1999లో వచ్చిన బీక్రిప్ట్, 2015 పోటీలో గెలిచిన ఆర్గాన్2 అటువంటివే.

వేరు పట్టికలు రెండు

లాగిన్ ప్రయత్నాలకు ఒక పట్టిక: ఎవరి పేరున, ఏ సమయంలో, కుదిరిందా లేదా. వరుసగా కొన్నిసార్లు తప్పితే కొంతసేపు తలుపు మూయాలి. దిద్దుబాట్లకు రెండో పట్టిక: పాత అంకె, కొత్త అంకె, సమయం, దిద్దినవారి యూజరు నంబరు, కారణం. ఈ రెండో పట్టికలో చేర్చడమే గాని, ఎవరూ చెరపడానికి వీలుండకూడదు. మనం పోగొట్టుకున్న దస్తూరి ఇదే.

సంఘంలో అడగవలసినవి

సాఫ్ట్‌వేరు కొనే ముందు పాలకవర్గం, మహాసభలో సభ్యులు ఈ మూడు ప్రశ్నలు అడగాలి. కంప్యూటరులో పనిచేసే ప్రతివారికీ వేరు లాగిన్ ఉందా? దిద్దిన ప్రతి అంకె వెనుక పేరు, సమయం కనిపిస్తాయా? పాస్‌వర్డు మరచిపోయామంటే ఏం చేస్తారు? పాతదాన్నే చదివి చెప్పగలమంటే ఆ సాఫ్ట్‌వేరు వద్దు. కొత్తది పెట్టుకోమనాలి, అదే సరైన పద్ధతి.

పట్టిక ఎంత బాగున్నా, పాస్‌వర్డును గోడ మీద రాసి అంటిస్తే ఫలితం సున్నా. కార్యదర్శి సెలవు పెట్టిన రోజున తన పాస్‌వర్డును మరొకరికి చెప్పి పోకూడదు. ఆ మరొకరికి వేరు లాగిన్ ఇవ్వాలి. అప్పుడే సభ్యుని పాలకూ, ఉద్యోగి మాటకూ విలువ నిలుస్తుంది.