నాడి లయ తప్పుట - పక్షవాతమునకు హెచ్చరిక

పక్షవాతము సోకి మంచము పట్టినవారిని ఎరుగని పంచాయతీ సభ్యుడుండడు. ఇది గాలి సోకుటవలన వచ్చునని నేటికిని కొందరు నమ్ముచున్నారు. మెదడునకు పోవు రక్తనాళము మూసికొనిపోవుటయో, చిట్లుటయో దీనికి అసలు కారణము. నాళమును మూయు రక్తపు గడ్డ కొందరిలో గుండెనుండియే బయలుదేరును. ఈ గడ్డకు మూలమైన లయదోషమును వైద్యులు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అందురు.

గుండెలోని పై గదులు రెండింటిని కర్ణికలందురు. ఇవి క్రమముగా ముడుచుకొని క్రింది గదులకు రక్తమును పంపవలెను. ఈ వ్యాధియందు అవి సరిగా ముడుచుకొనక వణకుచుండును. అపుడు పారని కాలువలో నాచు పట్టినట్లు, ఎడమ కర్ణికకు అంటియున్న చిన్న సంచిలో రక్తము నిలిచి గడ్డకట్టును. ఇట్టివారికి పక్షవాత భయము ఇతరులకంటె సుమారు 5 రెట్లు అధికము.

వార్ధక్యము, రక్తపుపోటు, మధుమేహము, స్థూలకాయము, మద్యపానము, థైరాయిడ్ దోషము దీనికి దోహదము చేయును. బాల్యమున వచ్చిన కీళ్ళవాత జ్వరమువలన గుండె కవాటములు చెడినవారికి చిన్న వయస్సుననే రావచ్చును.

కొందరికి గుండెదడ, ఆయాసము, నీరసము కలుగును. మరికొందరికి ఏ బాధయు తెలియదు. పక్షవాతమే మొదటి సూచన యగును. కనుక వ్యాధిని ముందుగా వెదకి పట్టుకొనవలెను.

ఇది కష్టమైన పని కాదు. మణికట్టుపై బొటనవ్రేలి వైపున రెండు వ్రేళ్ళు ఆనించి, ఒక నిమిషము నాడి చూడవలెను. కొట్టుకొనుట సమముగా లేక, ఒకటి త్వరగాను ఒకటి ఆలస్యముగాను ఉన్నచో ఈ.సి.జి. తీయించవలెను. రోగనిర్ణయము దానివలననే జరుగును. నేడు అరచేతిలో ఇమిడెడు ఈ.సి.జి. పరికరములును వచ్చినవి.

చికిత్సలో ముఖ్యమైనది గడ్డకట్టకుండ చేయు మందు. వార్ఫరిన్ వాడువారు తరచు ఐ.ఎన్.ఆర్. రక్తపరీక్ష చేయించుకొనవలెను, అది సాధారణముగా 2, 3 అంకెల మధ్య నుండవలెను. వారు ఆకుకూరలు మాననక్కరలేదు గాని ఒకే పరిమాణమున తినవలెను. క్రొత్త మందులకు ఈ పరీక్ష అవసరము లేదు. అయినను కీళ్ళవాత జ్వరమువలన మిట్రల్ కవాటము మిక్కిలి సన్నగిల్లినవారికి వార్ఫరినే తగినది. ఆస్పిరిన్ వీనికి ప్రత్యామ్నాయము కాదు. బాగున్నదని మందు తమంతట తాము మానరాదు. గుండె వేగమును తగ్గించు మందులును, లయను సరిచేయు కేథటర్ చికిత్సయు పెద్ద ఆసుపత్రులలో లభించును.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు మూడు కలవు. 30 ఏండ్లు దాటినవారికి రక్తపుపోటు, మధుమేహ పరీక్షలు జరుగునపుడు, పెద్దవారి నాడి లయను గూడ చూడవలసినదిగా ఆరోగ్య సిబ్బందిని కోరుట మొదటిది. మందు వాడుచున్నవారు రక్తపరీక్షకు పోవుటకు ప్రయాణ సౌకర్యము కల్పించుట రెండవది. మూతి వంకర, చేయి పడిపోవుట, మాట తడబడుట కనిపించిన వెంటనే పసరు వైద్యముతో కాలము వృథా చేయక, ఆరంభమైన వేళను గుర్తించి 108 కు ఫోను చేయవలెనని ప్రతి ఇంట తెలియజేయుట మూడవది. గడ్డను కరిగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపలనే ఈయవలెను.

ఒక్క నిమిషము నాడి చూచుటకు ఖర్చేమియు లేదు. ఆ నిమిషము ఒక కుటుంబమునకు ఆధారమైన మనిషిని నిలుపవచ్చును.