ఉడతాభక్తికీ విలువుండాలి

ఎన్నికలొస్తే మన తెలుగువారి ఇళ్ళల్లోనూ ఫండ్‌రైజర్ విందులు మొదలవుతాయి. మరి ఒక్కరు ఎంత ఇవ్వవచ్చు? అమెరికాలో ఫెడరల్ పదవికి పోటీచేసే అభ్యర్థికి ఒక వ్యక్తి ఇచ్చే విరాళానికి 1974 చట్టం వెయ్యి డాలర్ల పరిమితి పెట్టింది. 2002 చట్టం దాన్ని రెండు వేలు చేసి, ధరలతోపాటు పెరిగే ఏర్పాటు చేసింది. 2025-26 ఎన్నికలకు అది 3,500 డాలర్లు. ప్రైమరీకీ, అసలు ఎన్నికకూ వేర్వేరుగా ఇవ్వవచ్చు.

ఉన్నవారికి వెసులుబాటు ఇలా పెరిగింది. సామాన్యుడికున్న ఆసరా మాత్రం పోయింది. 1972 నుంచి 1986 దాకా చిన్న విరాళాలకు పన్నులో కొంత తగ్గింపు ఉండేది. చివరి ఏళ్ళలో దంపతులు రెండొందలిస్తే వంద డాలర్ల పన్ను తగ్గేది. 1986 పన్ను సంస్కరణ దాన్ని ఎత్తేసింది.

దారి లేకపోలేదు. సియాటిల్ ఓటర్లు 2015లో ఆమోదించిన పథకంలో ఒక్కొక్కరికి పాతిక డాలర్ల వోచర్లు నాలుగు. నచ్చిన అభ్యర్థికి ఇచ్చుకోవచ్చు. చిన్న విరాళాన్ని తిరిగిచ్చే మినెసోటా రాష్ట్రం 2024లో ఆ మొత్తాన్ని వ్యక్తికి 75 డాలర్లకు పెంచింది. పరిమితులు పెంచడం కన్నా ఇలాంటి ప్రోత్సాహమే ఎక్కువ మందిని కలుపుతుంది.

ఒక్క జాగ్రత్త! పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారే విరాళమివ్వాలి. హెచ్-1బి వీసావారు ఇవ్వకూడదు. ఒకరి డబ్బు మరొకరి పేర ఇవ్వడం చట్టవిరుద్ధం.

పిల్లలూ! మీలో పౌరులైనవారు తమ ఇష్టంతో, తమ సొంత డబ్బు ఇవ్వవచ్చు. 2002లో పెట్టిన నిషేధాన్ని 2003లో సుప్రీంకోర్టు కొట్టేసింది. వారధికి ఉడత తెచ్చిన ఇసుకా లెక్కే కదా!