ఓర్పు వేరు, మొహమాటం వేరు

ప్రయాణంలో మీ ప్రక్కన కూర్చున్నవారు సిగరెట్టు వెలిగిస్తే మీరు ఏమి చేస్తారు? ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకొంటారా? లేచి వేరేచోటికి వెళ్తారా? లేక లోపల విసుక్కొంటూ పైకి చిరునవ్వుతో కూర్చుంటారా? నేను ఈ మూడవ రకం మనిషిని. దానిని ఓర్పు అనుకొని చాలాకాలం తృప్తిపడ్డాను కూడా. ఒక విహారయాత్రలో నా పొరపాటు నాకు తెలిసింది.

లాంచీలో జరిగిన సంగతి

శాలిబండలో మా గల్లీలోని ఏడెనిమిది కుటుంబాలవారం కలిసి ఒక చలికాలంలో పాపికొండలు చూడటానికి వెళ్లాము. భద్రాచలం వరకు బస్సు, అక్కడినుండి పోచవరం రేవు, రేవులో లాంచీ. మాతోపాటు మా ప్రక్కింటి పెద్దాయన కూడా వచ్చారు. గల్లీలో అందరూ ఆయనను చాచా అనే పిలుస్తారు. మా అమ్మాయి పుట్టిన రోజు అర్ధరాత్రి ఎక్కడినుండో ఆటో వెతికి తెచ్చి, ఆసుపత్రి వరకు మాతో వచ్చిన మనిషి ఆయన.

లాంచీ పైఅంతస్తులో ముందు వరుస కుర్చీలో చాచా కూర్చున్నారు. ఆయన వెనుక మేము. లాంచీ కదిలిన కొద్దిసేపటికి ఆయన సిగరెట్టు వెలిగించారు. ఎదురుగాలికి పొగంతా వెనక్కి, మా మీదికి రాసాగింది. మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్లు. చిన్ననాటినుండి ఉబ్బసం. నా భార్య నా మోచేయి తట్టింది. నేను "ఊరుకో" అని కళ్లతో సైగ చేశాను. అంత మేలు చేసిన మనిషిని సిగరెట్టు ఆర్పమని ఎట్లా అడగడం? ఒక్కటే కదా, అయిపోతుందిలే అనుకొన్నాను.

టీ వచ్చింది. టీతోపాటు రెండవ సిగరెట్టు వెలిగింది. అమ్మాయి దగ్గడం మొదలుపెట్టింది. కొంతసేపటికి ఛాతీలో పిల్లికూతలు వినిపించాయి. ఇన్‌హేలరు ఉన్న సంచి క్రింది అంతస్తులో ఉంది. నా భార్య మెట్లు దిగి పరుగెత్తింది. అటూ ఇటూ కొండలు, మధ్యలో గోదావరి. వైద్యుడు లేడు, రోడ్డు లేదు. ఇన్‌హేలరు పీల్చిన తరువాత బిడ్డ తేరుకోవడానికి పట్టిన ఆ పది నిముషాలు నేను మరువలేను.

అప్పటికి చాచా వెనక్కి తిరిగి, "బేటీకి ఏమైంది?" అని అడిగారు. "దానికి పొగ పడదు చాచా" అని నా భార్య చెప్పింది. ఆయన వెంటనే సిగరెట్టు ఆర్పివేసి లేచి నిలబడ్డారు. "ముందే ఎందుకు చెప్పలేదు పాస్టర్ సాబ్? నేనేమన్నా పరాయివాడినా?" అన్నారు. ఆ ప్రశ్నకు నావద్ద జవాబు లేదు. ఆయన నొచ్చుకొంటారని నేను నోరు మూసుకొన్నాను. కాని ఆయనను నిజంగా నొప్పించినది నా మౌనమే. బిడ్డ ఊపిరికంటె సిగరెట్టే ఆయనకు ఎక్కువని నేను ముందే తీర్పు తీర్చినట్లయింది కదా!

మనమందరము పొగాకు మధ్య పెరిగినవారమే

పొగ త్రాగేవారిని చిన్నచూపు చూచే హక్కు మనలో ఎవరికీ లేదు. మా ఇంటినుండి కొంతదూరం నడిస్తే చార్మినారు. ఆ కట్టడం పేరునే ఒక సిగరెట్టుకు పెట్టారు. 1930లో హైదరాబాదులో స్థాపించబడిన వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీవారి సిగరెట్టు అది. గోదావరి లంకలలో పండే లంక పొగాకు చుట్టలకు పేరుపొందింది. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు కార్యాలయం గుంటూరులోనే ఉంది. శ్రీకాకుళం ప్రాంతంలో నిప్పున్న కొనను నోటిలోపల పెట్టుకొని చుట్ట త్రాగే స్త్రీలు ఉన్నారు. దానినే అడ్డపొగ అంటారు. ఈ పంట వలన పిల్లలను చదివించుకొన్న తెలుగు కుటుంబాలు ఎన్నో! అంతేకాదు, పొగాకులోని నికోటిన్ మనిషిని బానిసగా చేసుకొనే పదార్థం. మానాలని ఉన్నా మానలేక బాధపడేవారు అనేకులు. గనుక అట్టివారి యెడల కనికరము ఉండవలసినదే.

అయితే పొగకు కనికరము లేదు

ఇతరులు వదిలిన పొగ, సిగరెట్టు కొననుండి లేచే పొగ ప్రక్కవారికి కూడా హాని చేస్తాయి. ఆ పొగలో వేలకొలది రసాయనాలు ఉన్నాయని, వాటిలో సుమారు 70 కాన్సరు కలిగించేవని శాస్త్రజ్ఞులు గుర్తించారు. 1981లో హిరయామా అనే జపాను శాస్త్రజ్ఞుడు ఒక సంగతి బయటపెట్టాడు. తాము ఎన్నడూ పొగ త్రాగకపోయినా, ఎక్కువగా త్రాగే భర్తలున్న భార్యలకు ఊపిరితిత్తుల కాన్సరు ఎక్కువగా వస్తున్నదని ఆయన పరిశీలనలో తేలింది. ఇతరుల పొగ వలన ప్రపంచంలో ఏటా పది లక్షలకు పైగా మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పిల్లలలో ఉబ్బసాన్ని రేపేది, చెవి జబ్బులను పెంచేది కూడా ఈ పొగే.

నోరు తెరవమనే చట్టం

1989 నాటి రైల్వే చట్టంలో ఒక విశేషమున్నది. పెట్టెలో తోటి ప్రయాణికుడు అభ్యంతరం చెప్పినట్లయితే పొగ త్రాగకూడదని దానిలో ఉంది. అనగా అభ్యంతరం చెప్పే బాధ్యతను ఆ చట్టం మనకే అప్పగించింది! 2001 నవంబరులో బహిరంగ స్థలాలలో పొగ త్రాగడాన్ని నిషేధించమని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2003లో పొగాకు ఉత్పత్తుల చట్టం వచ్చింది. ప్రజలు ప్రయాణించే వాహనాలు కూడా దాని క్రిందికి వస్తాయి. 2008 అక్టోబరు 2 నుండి కొత్త నిబంధనలు అమలులోనికి వచ్చాయి. తప్పినవారికి 200 రూపాయల వరకు జరిమానా.

2022లో విశాఖపట్నం రేవునుండి కూడా విహార నౌక బయలుదేరింది. అట్టి పెద్ద నౌకలలో పొగ త్రాగేవారికి వేరుగా చోటు కేటాయించడం వాడుక. మన చిన్న లాంచీలో ఆ చోటు ఎవరు చూపించాలి? మనమే మాటలతో చక్కబెట్టుకోవాలి.

ఏది సహించాలి? ఏది సహించకూడదు?

ఆ రోజు మిగిలిన ప్రయాణంలో చాచా సిగరెట్టు ముట్టలేదు. పేరంటపల్లిలో లాంచీ ఆగినప్పుడు మాత్రం ఒడ్డున దూరంగా వెళ్లి త్రాగి వచ్చారు. అందరూ ఎక్కిన తరువాత ఆయన కోసం ఐదు నిముషాలు ఆగవలసివచ్చింది. ఒకరిద్దరు సణిగారు. సహించవలసినది ఆ ఐదు నిముషాలనే! బట్టలకు అంటిన వాసనను సహించవచ్చు. మధ్యలో లేచి వెళ్లడాన్ని సహించవచ్చు. అలవాటు మానలేని బలహీనతను సహించవచ్చు. కాని బిడ్డ ఛాతీలోనికి పోయే పొగను సహించనక్కరలేదు. అట్టి సహనం వలన ఆయనకు మేలు లేదు, మనకూ లేదు.

అడిగే తీరు కూడా ముఖ్యమే. ప్రయాణం మొదలు కాకముందే చెప్పడం మంచిది. పదిమందిలో కాక, దగ్గరకు వెళ్లి మెల్లగా చెప్పాలి. "మీరు చెడిపోతున్నారు" అనవద్దు. "మా అమ్మాయికి పడదు" అంటే చాలు. ఆ సమయంలో అలవాటు గురించి ప్రసంగము చేయవద్దు. మానుకోవాలని ఆయనే అడిగిన యెడల, 1800-11-2356 అనే ఉచిత టెలిఫోను నంబరు ఉన్నదని చెప్పవచ్చు.

కొరింథు సంఘానికి పౌలు భక్తుడు వ్రాసిన ఉత్తరంలో, తన భోజనం సహోదరునికి ఆటంకమైతే దానిని మానుకొంటానని చెప్పిన సంగతి మనం తరచుగా పొగ త్రాగేవారికే వినిపిస్తాము. వినేవారు మానుకోవడానికి ముందు, అది ఎవరికి ఆటంకమో చెప్పేవారు ఒకరు ఉండాలి కదా! లాంచీలో చెప్పవలసినవాడను నేను. చెప్పలేదు.

ఇప్పుడు మా అమ్మాయి కాలేజీకి వెళ్తున్నది. చాచా సాయంకాలం సిగరెట్టు త్రాగాలంటే గల్లీ చివరికి వెళ్లి నిలబడతారు. అది ఇంటికి వస్తూ అక్కడినుండే సలాం చేస్తుంది. ఆయన సిగరెట్టు ఉన్న చేతిని వెనక్కి పెట్టుకొని, రెండవ చేయి ఎత్తుతారు.

ప్రియ చదువరీ! వచ్చే సెలవులలో మీరు ఎక్కడికి వెళ్తున్నా, మీతో వచ్చేవారిలో పొగ త్రాగేవారు ఉంటే, సామాను సర్దుకొనే రోజుననే ప్రేమతో ఒక మాట చెప్పండి. ఇన్‌హేలరు మాత్రం చేతిసంచిలోనే పెట్టుకొనండి.