మామిడి పూతను కాపాడుకొనుట ఎట్లు? తేనెమంచు పురుగు, బూడిద తెగులు, పండు ఈగల నివారణ

కీసర: ఎన్టీఆర్ జిల్లా కంచికచర్ల మండలంలోని కీసర మొదలుకొని నందిగామ, జగ్గయ్యపేట వరకు గల మెట్ట ప్రాంతంలో మామిడి తోటలలోనే గాక ఇళ్ల పెరళ్లలోనూ పెరుగుతున్నది. పూమొగ్గ కనిపించింది మొదలు పిందె బఠాణీ గింజంత అయ్యేవరకు గడిచే కొద్ది వారాలే ఆ ఏటి కాపును నిర్ణయిస్తాయి.

ఈ దశలో ప్రధాన శత్రువు తేనెమంచు పురుగు. పూత లేని కాలంలో బెరడు పగుళ్లలో తలదాచుకొని, పూత రాగానే పూగుత్తుల రసాన్ని పీల్చివేస్తుంది. అది విసర్జించే తియ్యని జిగురుపై నల్లని మసి పెరిగి ఆకులను, కాయలను కప్పివేస్తుంది. పూమొగ్గ దశలో లీటరు నీటికి ఇమిడాక్లోప్రిడ్ 0.3 మిల్లీలీటర్లు, పిందె కట్టిన తరువాత మందు మార్చి థయామిథాక్సామ్ 0.3 గ్రాములు చొప్పున, మొదలు, కొమ్మల బెరడు కూడా తడిసేలా పిచికారీ చేయవలెను. పూత పూర్తిగా విచ్చుకొన్న రోజులలో మందు కొట్టరాదు. పరాగ సంపర్కం జరిపే ఈగలు, తేనెటీగలు చనిపోతే పురుగు లేకున్నా పిందె నిలవదు. పూత మీదనే తోటను గుత్తకు తీసుకొన్నవారు తొందరపడి చేసే పొరపాటు తరచు ఇదే.

రాత్రులు చల్లగా ఉండి, ఉదయం మంచు కురిసే రోజులలో పూగుత్తులపై తెల్లని పొడి కనిపిస్తే అది బూడిద తెగులు. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు చొప్పున ఎండ ముదరక ముందే చల్లవలెను.

పండు ఈగ సంగతి వేరు. పక్వానికి వచ్చే కాయ తొక్క కింద గుడ్లు పెడుతుంది. పైకి బాగున్న పండులో పురుగులు తిరుగుతుంటాయి. ఐరోపా సమాఖ్య 2014 మే 1 నుండి భారతీయ మామిడి దిగుమతిని నిలిపివేయడానికి, 2015లో గాని తిరిగి అనుమతించకపోవడానికి కారణం ఈ ఈగయే. మిథైల్ యూజినాల్ ఎరలను ఎకరాకు నాలుగైదు చొప్పున కట్టవలెను. ఇవి మగ ఈగలను మాత్రమే ఆకర్షిస్తాయి గనుక ఒక్క రైతు కడితే చాలదు, ఇరుగుపొరుగు తోటలవారు కలిసి కట్టవలెను. పెరటిలో రాలి కుళ్లే పండ్లు ఊరి తోటలన్నింటికీ ఈగలను పెంచి ఇస్తాయి. వాటిని ఏ రోజుకారోజు ఏరి రెండడుగుల లోతున పూడ్చివేయుట ఖర్చు లేని నివారణ.

పాత కరపత్రాలలోని సిఫారసులను తిరిగి ప్రచురించేవారు ఒక విషయం సరిచూసుకొనవలసి ఉన్నది. లోగడ తేనెమంచు పురుగుకు సూచించిన కార్బరిల్‌ను కేంద్ర ప్రభుత్వం 2018లో నిషేధించినది. కాండం తొలిచే పురుగుకు వాడిన డైక్లోరోవాస్‌పై 2020 డిసెంబరు 31 నుండి నిషేధం అమలులోకి వచ్చినది. రంధ్రంలోని పురుగును ఇనుప తీగతో తీసివేసి, పెట్రోలులో తడిపిన దూదిని ఉంచి బంకమట్టితో మూసివేయవచ్చును.