తిన్న మూడు గంటలకే వణుకు

పాఠం మధ్యలో చేతులు వణికాయి. ఉదయం పదకొండు కావస్తోంది. ఎదుటి పిల్లలు గమనించకుండా కితాబును బల్లపై ఉంచి నుదుటి చెమట తుడుచుకున్నాను. "హజ్రత్, చాయ్ తెమ్మంటారా?" అని ఒక విద్యార్థి అడిగాడు. చక్కెర దండిగా వేసిన చాయ్, రెండు బిస్కట్లతో పావుగంటలో కుదుటపడ్డాను. జొహర్ నమాజు వేళకు మళ్లీ అదే వణుకు.

ఇంట్లో వారు దీనిని నీరసమని తలచి తేనె, ఖర్జూరాలు ఎక్కువ చేశారు. ప్రేమతో పెట్టినవే బాధను పెంచాయి. కొన్ని నెలల తరువాత వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న, ఫజ్ర్ తరువాత ఏమి తింటారన్నది. రెండు కప్పుల తీపి చాయ్, బన్ను. అంతే.

ఇటువంటి ఆహారం త్వరగా చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. అందుకు ప్రతిగా క్లోమం కొందరిలో అవసరానికి మించి ఇన్సులిన్ విడుదల చేస్తుంది. తిన్నది అరిగిపోయినా ఇన్సులిన్ పని ఆగదు. కనుక సాధారణంగా నాలుగు గంటల లోపు చక్కెర పడిపోయి వణుకు, చెమట, గుండెదడ, ఆకలి కలుగుతాయి. అప్పుడు మళ్లీ తీపి తింటే తాత్కాలిక ఉపశమనం, ఆ వెనుకే మరో పతనం. చక్కెర తగ్గడానికి మూలం చక్కెర తినడమేనని విన్నప్పుడు నాకు నవ్వూ సిగ్గూ కలిగాయి.

అయితే ప్రతి వణుకూ ఇదే కాదు. బాధ కలిగిన సమయంలోనే పరీక్షించి చక్కెర నిజంగా తగ్గిందా, అది పెరగగానే బాధ తొలగిందా అన్నది చూడాలి. మధుమేహపు తొలిదశలోను, జీర్ణకోశ శస్త్రచికిత్స తరువాతను ఇది రావచ్చు. మధుమేహానికి మందు వాడేవారి సంగతి వేరు. వారు మోతాదు గురించి వైద్యునితోనే మాట్లాడాలి. ఏమీ తినని వేళలో స్పృహ తప్పుతుంటే ఆలస్యం చేయరాదు.

ఇప్పుడు ఫజ్ర్ తరువాత జొన్నరొట్టె, గుడ్డు. పది గంటలకు గుప్పెడు వేయించిన శనగలు. జొహర్ తరువాత అన్నం సగం, పప్పు, కూర, పెరుగు ఎక్కువ. అసర్ తరువాత గుగ్గిళ్లు. మూడు గంటలకొకసారి కొద్దికొద్దిగా తినడమే అసలు మందు. తీపిని విడువలేదు; ఖాళీ కడుపున తినడం విడిచాను. పెళ్లివిందులో ఖుబానీ కా మీఠా భోజనం చివర రెండు చెంచాలు చాలు. ఎప్పుడైనా చక్కెర పడిపోతే మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్లలో కలిపి త్రాగి, పదిహేను నిమిషాలాగి, కుదుటపడ్డాక రొట్టె, పప్పు వంటిది తినాలి. చాలామంది ఈ రెండవ పని మరచిపోతారు.

రంజాన్‌లో నాకు కష్టం పగటి ఉపవాసంలో కాదు, తరావీహ్ వరుసలో వచ్చేది. ఇఫ్తార్‌లో గ్లాసుల కొద్దీ షర్బత్ త్రాగిన ఫలితమది. నేడు ఒక ఖర్జూరం, నీళ్లు, ఉడికించిన శనగలు. మగ్రిబ్ తరువాత భోజనం.

ఆ విద్యార్థి ఇప్పటికీ చాయ్ తెస్తూనే ఉన్నాడు, చక్కెర లేకుండా. జేబులో శనగల పొట్లం కూడా ఉంటుంది.