మెట్లు లేని మేడ

ఫుట్‌బాల్ లీగులలో ఒక ఆచారం ఉన్నది. ఏడాది ముగిసేసరికి అట్టడుగున మిగిలిన జట్లు కింది తరగతికి దిగవలసిందే. కింది తరగతిలో నెగ్గినవి పైకి ఎక్కవలసిందే. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతబట్టి ప్రత్యర్థుల గీత దాటించే రగ్బీ ఆటలో, దేశాల మధ్య పోటీలకు కూడ ఈ ఆచారం లేకపోలేదు. అయితే అది కింది అంతస్తులకే పరిమితం. ఐరోపాలో అన్నిటికంటె పైనున్న పోటీ 'సిక్స్ నేషన్స్'. ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సు, ఐర్లండు, ఫ్రాన్సు, ఇటలీ అందులో ఆడుతాయి. ఆఖరున నిలిచిన దేశం మరుసటి ఏడు మళ్లీ అక్కడనే ఉంటుంది. 2000లో ఇటలీ చేరిన పిదప ఆ తలుపు మరి తెరుచుకోలేదు.

తలుపు వెలుపల నిలిచినవారిలో జార్జియావారి కథ వినదగినది. కాకసస్ కొండల నీడనున్న ఆ చిన్న దేశానికి రగ్బీ పరాయి ఆటగా తోచలేదు. గురియా సీమలోని షుఖుతి అనే పల్లెలో ఈస్టరు పండుగనాడు 'లెలో బుర్తి' ఆడుతారు. సుమారు 16 కిలోల తోలుబంతి. జనం రెండు పక్షాలుగా చీలి, దానిని తమ వైపు వాగుకు చేర్చడానికి పెనుగులాడుతారు. నియమాలు లేవనే చెప్పవచ్చును. గెలిచినవారు ఆ బంతిని గతించిన తమవారి సమాధిపై ఉంచుతారు. జాతీయ రగ్బీ జట్టుకు 'లెలోలు' అనే పేరు ఈ ఆటనుండి వచ్చినదే.

ఈ లెలోలు ఐరోపా రెండవ శ్రేణి పోటీలో 2018 నుండి 2025 దాకా ఏటా విజేతలైనారు. 2022 జూలైలో బతూమీలో ఇటలీని 28–19తోను, నవంబరులో కార్డిఫ్‌లో వేల్సును 13–12తోను ఓడించారు. ప్రయోజనమేమి? తరగతిలో ఎనిమిది మార్లు ప్రథముడుగా వచ్చిన విద్యార్థితో, పై తరగతిలో బల్లలు ఖాళీ లేవు, మళ్లీ ఇక్కడనే చదువుకొమ్మన్నట్లున్నది.

ఇటలీ పక్షాన కూడ న్యాయమున్నది. 2015 నుండి 2022 వరకు ఆ పోటీలో వరుసగా 36 ఆటలు ఓడి, తుదకు కార్డిఫ్‌లోనే వేల్సును 22–21తో గెలిచినది. నడుమ దింపివేసి ఉంటే కోలుకొని ఉండేదా? సందేహమే. పెద్దలతో ఆడుతూనే నేర్చుకున్నది. కాని ఆ అవకాశం ఒకరికే ఎందుకు దక్కవలెను?

ఆలస్యానికి మూల్యమేమిటో రుమేనియాను చూస్తే తెలుస్తుంది. 1983లో బుకారెస్టులో వేల్సును 24–6తో, మరుసటి ఏడు స్కాట్లండును, 1988లో కార్డిఫ్‌లో మళ్లీ వేల్సును ఓడించిన జట్టది. నాటి ఐదు దేశాల పోటీ ఆ జట్టును పిలువలేదు. 1989 డిసెంబరులో విప్లవం వచ్చినది. ఆ జట్టులో మేటి ఆటగాడు, సైనికాధికారి ఫ్లోరికా మురారియు ఆ రోజులలోనే తుపాకిగుండుకు బలియైనాడు. సైన్యానికి, పోలీసులకు చెందిన క్లబ్బులకు ప్రభుత్వ పోషణ సన్నగిల్లినది. 1990లో ఫ్రాన్సు గడ్డమీదనే ఫ్రాన్సును 12–6తో గెలిచారు గాని, కొద్ది యేండ్లలోనే ఆ బలం కరిగిపోయినది.

మరి తలుపు తీయవలసినవారెవరు? సిక్స్ నేషన్స్‌ను నడిపేది ఆ ఆరు దేశాల సంఘాలే. కిందికి దిగితే టిక్కెట్ల రాబడి, ప్రసార హక్కుల సొమ్ము పోగొట్టుకొనేవారూ వారే. పరీక్ష తప్పుతానేమో అని భయపడే విద్యార్థి చేతికే ప్రశ్నపత్రం అప్పగించినట్లు.

ప్రపంచ రగ్బీ సంస్థ 2023 అక్టోబరులో ఒక కొత్త ఏర్పాటు ప్రకటించినది. 2026 నుండి పన్నెండు దేశాలకు పై పోటీ, మరి పన్నెండింటికి కింది పోటీ. రెండింటి నడుమ ఎక్కుట, దిగుట 2030 నుండి. పై వరుసలో జపానుకు, ఫిజీకి చోటు దొరికినది. జార్జియా కింది వరుసలోనే ఉన్నది. కార్డిఫ్‌లో ఆనాడు ఇరవై అయిదేండ్ల ప్రాయాన ఆడినవానికి 2030 నాటికి ముప్పైమూడు వస్తాయి. ముందు వరుసలో భుజం కలిపి తోసేవారు ఆ వయసులోను ఆడుతారు. వెనుక నిలిచి పరుగెత్తేవారు అంతదాకా నిలవడం అరుదు.